ఆటోమేటిక్ కారు గేరు మారకపోతే

మా అక్కకు హైదరాబాదులో కంటి ఆపరేషను. ఉదయం పదకొండు గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలని ముందే చెప్పారు. సిద్దిపేటకు కొద్ది దూరంలో ఉన్న వారి పల్లె నుండి రాజీవ్ రహదారి ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. బావగారు తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, అక్కను వెనుక సీట్లో కూర్చోబెట్టి, కారు స్టార్టు చేశారు. ఇంజను చక్కగా అందుకుంది. గేరు కర్రను 'పి' లో నుండి 'డి' లోనికి లాగారు. కర్ర కదలలేదు. మళ్ళీ లాగారు. కదలలేదు.

బావగారికి ఎడమ మోకాలు చాలా ఏండ్లుగా బాధ పెడుతున్నది. క్లచ్చి తొక్కలేరు. అందుకనే హైదరాబాదులో ఎవరో వాడిన పాత ఆటోమేటిక్ కారును చూసి కొన్నారు. ఊరిలో అటువంటి బండి అదొక్కటే గనుక దాని సంగతి తెలిసినవారు కూడా ఎవరూ లేరు. పక్క ఊరి షెడ్డు మెకానిక్కును నిద్ర లేపి తీసికొని వచ్చారు. అతడు కర్రను అటూ ఇటూ లాగి చూసి, "గేరుబాక్సు జామైంది సారూ. దింపి పట్నం పంపాలె. తొంబై వేలు తక్కువ గాదు" అన్నాడు. మా అక్క ఆ మాట విని కారు దిగి అరుగు మీద కూర్చున్నది. రెండు బర్రెలలో ఒకటి అమ్మకానికి పోతుందని ఆమెకు అప్పుడే అర్థమైంది.

అంతటితో ఆగలేదు. ఆరుగురు పిల్లగాండ్లు వచ్చి కారును తోశారు. అది కదిలితే గదా! "ట్రాక్టరుకు తాడు గట్టి గుంజుదాం" అని ఎవరో అన్నారు. తాడు కూడా వచ్చింది. ఆ సమయంలో బావగారు మా ఇంటికి ఫోను చేశారు. మా తమ్ముని కొడుకు హైదరాబాదులో కార్ల వర్క్‌షాపులో పని చేస్తాడు, ఆ రోజు ఇంటికి వచ్చి ఉన్నాడు. ఫోను అతని చేతికి ఇచ్చాను.

వాడు గేరుబాక్సు సంగతి అడగనే లేదు. "మామా, బ్రేకు తొక్కి పట్టుకోండ్రి. అత్తమ్మను ఎనుకకు పోయి ఎర్ర లైట్లు ఎలుగుతున్నయా చూడమనుండ్రి" అన్నాడు. అక్క వెనుకకు వెళ్ళి చూసింది. వెలగడం లేదు. "గేరుబాక్సుకు ఏం గాలేదు మామా, తాడు ఇప్పుమనుండ్రి" అని వీడు నవ్వాడు.

ఇక్కడ కొంచెం వివరము అవసరం. ఆటోమేటిక్ కారును 'పి' లో పెట్టినప్పుడు గేరుబాక్సు లోపల ఒక పళ్ళ చక్రం సందులో చిన్న ఇనుప కొక్కెం పడుతుంది. అది పడితే చక్రాలు తిరగవు. ఎంత మంది తోసినా అంతే. ట్రాక్టరుతో లాగితే కొక్కెమో పళ్ళో విరుగుతాయి, అప్పుడు మెకానిక్కు చెప్పిన తొంబై వేలు నిజమే అవుతుంది. ఇక ఆ కర్రకు ఇంకొక తాళం కూడా ఉన్నది. తాళంచెవి తిప్పి, కాలితో బ్రేకు తొక్కితేనే కర్ర 'పి' లో నుండి బయటికి వస్తుంది. బ్రేకు తొక్కిన సంగతి కర్రకు ఎలా తెలుస్తుంది? బ్రేకు పెడలు దగ్గర ఉన్న చిన్న స్విచ్చి చెబుతుంది. వెనుక ఎర్ర లైట్లను వెలిగించేది కూడా ఆ స్విచ్చే. చాలా కార్లలో ఈ రెంటికీ ఫ్యూజు కూడా ఒక్కటే. లైటు వెలగలేదంటే, బ్రేకు తొక్కిన కబురు కర్ర దాకా చేరలేదన్న మాట.

ఇటువంటి తాళం ఎందుకు పెట్టారని విసుక్కోవద్దు. 1980లలో అమెరికాలో ఆడి అనే జర్మను కంపెనీ కార్లు తమంతట తామే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదికలో, చాలా వరకు డ్రైవర్లు బ్రేకు అనుకొని ఆక్సిలేటరు తొక్కడమే కారణమని తేల్చింది. బ్రేకు మీద కాలు లేనిదే గేరు కర్ర కదలకుండా చేసే తాళము ఆ రోజులలోనే వాడుకలోనికి వచ్చింది. 2010 సెప్టెంబరు నుండి తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటికీ అక్కడ దానిని చట్టమే తప్పనిసరి చేసింది. మన వాకిళ్ళలో పిల్లలు కారులో ఎక్కి ఆడుకుంటారు గదా. స్టీరింగు తిప్పుతారు, ప్రతి మీటా నొక్కుతారు. ఆ తాళం లేకపోతే వాలులో నిలిపిన కారు ఏమయ్యేదో ఊహించుకోండి.

సరే, బావగారి కారు సంగతి. మా వాడు ముందు హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేయించాడు. తరువాత కర్ర పక్కనున్న చిన్న ప్లాస్టిక్ మూతను తీయించాడు. దాని క్రింద ఉన్న రంధ్రంలో సన్నని స్క్రూడ్రైవరు పెట్టి నొక్కుతూ, బ్రేకు తొక్కి, కర్రను లాగమన్నాడు. కర్ర మెత్తగా 'ఎన్' లోనికి వచ్చింది. ఇలాంటి కర్ర ఉన్న చాలా కార్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. మూత ఎక్కడ ఉన్నదో కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే ఇంటిలో చదువుకునే పిల్లలకు ఇచ్చి ఆ పేజీ వెదకమనండి. వారికి కూడా అది మంచి పాఠమే.

బావగారు వెంటనే బయలుదేరబోయారు గాని మా వాడు ఒప్పుకోలేదు. వెనుక ఎర్ర లైట్లు లేకుండా రాజీవ్ రహదారి మీద లారీల ముందు వెళ్ళడమా! ఫ్యూజు డబ్బా తెరిపించాడు. బ్రేకు లైటు ఫ్యూజు మాడిపోయి ఉన్నది. క్రొత్తది వేస్తే బ్రేకు తొక్కగానే అదీ పోయింది. అప్పుడు షెడ్డు మెకానిక్కే చొరవ తీసికొని డిక్కీ లోపలి అట్ట విప్పి చూశాడు. ఎలుకలు! కారును వరిగడ్డి వాము పక్కన పెట్టేవారు. ఎలుకలు డిక్కీలో చేరి వైరు మీది ప్లాస్టిక్ కొరికి తినేశాయి. లోపలి రాగి తీగ ఇనుపరేకుకు తగులుతున్నది. అతడు ఆ వైరును శుభ్రంగా అతికి, టేపు చుట్టి, మూడవ ఫ్యూజు వేశాడు. లైట్లు వెలిగాయి. కర్ర కదిలింది. ఎనిమిది గంటలకు అక్కా బావలు బయలుదేరారు.

ఆ మెకానిక్కును నేను తప్పు పట్టను. ట్రాక్టరు, జీపు అయితే శబ్దం విని జబ్బు చెప్పగలవాడు. ఆటోమేటిక్ కారు అతని చేతికి వచ్చింది అదే మొదటిసారి. అతనికి తెలిసిన బండ్లలో గేరు కర్ర కదలకపోతే తప్పు గేరుబాక్సులోనే ఉంటుంది. కాని అతడే, మనమందరమూ, బోరు మోటారు దగ్గర ఏం చేస్తాము? మోటారు నడవకపోతే మొదటే పైపులన్నీ పైకి లాగము. కరెంటు మూడు ఫేజులూ వస్తున్నదా, ఫ్యూజు ఉన్నదా, స్టార్టరు పట్టుతున్నదా అని చూస్తాము. అవన్నీ బాగుంటేనే మోటారు బయటికి వస్తుంది. ఆటోమేటిక్ కారుకు కూడా అదే వరుస. బయట ఉన్న చిన్నవి చూడకుండా గేరుబాక్సు దింపనివ్వకండి.

ఫ్యూజు విషయంలో ఒక్క మాట. మన పల్లెలలో ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం అలవాటు. కారులో ఆ పని చేయకూడదు. ఆ రోజు అలా చేసి ఉంటే ఫ్యూజుకు బదులు వైరు కాలేది, డిక్కీ అంటుకునేది. ఎన్ని ఆంపియర్లది ఉన్నదో అన్నిటిదే వేయాలి.

కర్ర 'పి' లో బిగుసుకొనడానికి ఇంకొక కారణం వాలు. బావి గట్టు మీదనో, చెరువు కట్ట దిగే దారిలోనో కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా 'పి' లో పెట్టి వదిలితే బండి బరువంతా ఆ చిన్న కొక్కెం మీద పడుతుంది. తరువాత కర్ర లాగితే రాదు, వస్తే 'టక్' మని పెద్ద శబ్దం చేస్తుంది. బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, అప్పుడు 'పి' లో పెట్టడం సరైన పద్ధతి. ఇప్పటికే బిగుసుకున్నదంటే ఇద్దరు మనుషులు కారును వాలుకు ఎదురుగా కొద్దిగా తోసి పట్టుకుంటే, లోపలి మనిషి బ్రేకు తొక్కి కర్ర తీయవచ్చు. తోసేవారు మాత్రం కారుకు క్రింది వైపున, చక్రాల దారిలో నిలబడవద్దు. పక్కనుండి, తలుపుల దగ్గర పట్టుకొని తోయాలి.

ఇంతవరకు కర్రే కదలని సంగతి. కర్ర కదిలినా గేరు మారకపోవడం వేరే జబ్బు. దానిని అర్థం చేసికొనడానికి ముందు మీ కారు ఏ జాతిదో తెలియాలి. 'ఆటోమేటిక్' అన్న మాట క్రింద వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. ఒకదానికి మందు అయినది ఇంకొకదానికి విషం.

పాత జాతి టార్కు కన్వర్టరుది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది గదా. ఇక్కడ గాలికి బదులు నూనె. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మను ఇంజనీరు 1905లో ఓడల కొరకు దీనిని కనిపెట్టాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో, 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టిన హైడ్రామాటిక్ కూడా నూనె ద్వారానే శక్తిని అందించేది. పెద్ద సంఖ్యలో అమ్ముడుపోయిన మొదటి ఆటోమేటిక్ గేరుబాక్సు అదే. ఇందులో గేర్లను పట్టి వదిలేది కూడా నూనె ఒత్తిడే. బావగారి కారు ఈ జాతిది.

రెండవది సీవీటీ. దీనిలో గేర్లే లేవు. పిండిగిర్నిలో పట్టా రెండు పుల్లీల మీద తిరిగినట్లు ఇక్కడ ఉక్కు పట్టాయో గొలుసో తిరుగుతుంది. పుల్లీలు వెడల్పై, ఇరుకై వేగాన్ని మారుస్తాయి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గేర్లు లేవని, చీర కట్టుకొని నడపవచ్చని టీచరమ్మలు, నర్సమ్మలు దానిని ఇష్టపడ్డారు. అందులో ఉన్నది కూడా ఈ సూత్రమే, పట్టా మాత్రం రబ్బరుది. కాబట్టి సీవీటీ కారు ఇంజను అరుస్తూ ఒకే తీరున వేగం అందుకుంటే గేరు మారడం లేదని భయపడనక్కరలేదు. దాని నడకే అంత.

మూడవది ఏఎంటీ. మన సిద్దిపేట వీధులలో కనిపించే చిన్న ఆటోమేటిక్ కార్లలో చాలా వరకు ఇవే. 2014లో మారుతి సెలేరియోతో ఇది మన దేశపు సామాన్య కుటుంబాల కార్లలోనికి వచ్చింది. నిజానికి ఇది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చి ప్లేటే. మన కాలికి, చేతికి బదులుగా ఒక యంత్రం క్లచ్చి తొక్కి గేరు వేస్తుంది. ఇందులో సాధారణంగా 'పి' ఉండదు. నాలుగవది రెండు క్లచ్చిల గేరుబాక్సు. ఖరీదైన కార్లలో ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు పోను.

ఏఎంటీ గురించి మా సంఘములోని ఒక పెద్దాయన అనుభవం చెప్పాలి. ఆయన ఇంటి ముందు ఏటవాలు. గేటు తెరిచేదాకా బ్రేకు తొక్కకుండా, ఆక్సిలేటరు కొద్దిగా నొక్కి పట్టి కారును వాలు మీద నిలబెట్టేవారు. మామూలు కారులో సగం క్లచ్చి మీద నిలబెట్టినట్లే ఇది. మూడేళ్ళలో క్లచ్చి ప్లేటు అరిగిపోయింది. మాడిన వాసన, ఇంజను అరుపు, బండి మాత్రం ముందుకు పోదు. ఇది ఫ్యూజుతో పోయే జబ్బు కాదు, ప్లేటు మార్చవలసిందే. ఒక షెడ్డులో మార్పించారు. మార్చిన తరువాత అసలు గేరే పడలేదు! 'ఎన్' అక్షరం మినుకుమినుకుమని కొట్టుకున్నది. గేరు వేసే యంత్రము మొత్తం పోయిందని, యాభై వేల పైమాటేనని చెప్పారు.

జరిగినదేమంటే, పాత ప్లేటు ఎక్కడ పట్టుతుందో కంప్యూటరు గుర్తు పెట్టుకొని ఉన్నది. క్రొత్త ప్లేటు పట్టే చోటు వేరు. క్రొత్త కొలతను స్కానరు తగిలించి కంప్యూటరుకు నేర్పాలి. షెడ్డులో ఆ స్కానరు లేదు. వేరొక చోటికి కారును బండి మీద ఎక్కించి తీసుకుపోతే, అరగంటలో నేర్పించి పంపించారు. కనుక ఏఎంటీ కారుకు క్లచ్చి మార్పించేవారు పని మొదలుపెట్టక ముందే "తరువాత స్కానరుతో నేర్పిస్తారా?" అని అడగండి. లేదంటే అక్కడ ఇవ్వకండి.

ఇక 'డి' లో కారు కదులుతుంది గాని పై గేరుకు పోదు, నలభై యాభై దాటదు, ఇంజను మాత్రం అరుస్తుంది అనుకోండి. మొదట కర్ర ఎక్కడున్నదో చూడండి. 'ఎం' లోనికో, '2' లోనికో, 'ఎల్' లోనికో జరిగి ఉండవచ్చు. పాత కార్ల కర్ర మీద ఓవర్‌డ్రైవు మీట ఒకటి ఉంటుంది. దానిని పిల్లలు నొక్కితే ఆఖరి గేరు పడదు, డ్యాష్‌బోర్డులో చిన్న దీపం వెలుగుతుంది. ఇవేవీ కాకపోతే కారు కుంటి నడకలో పడి ఉండవచ్చు. లోపల ఏదో సెన్సారో, వాల్వో, వైరో తప్పు చెబితే కంప్యూటరు గేరుబాక్సు పాడు కాకుండా ఒకే గేరులో బిగించి ఇల్లు చేరమంటుంది. ఇంజను ఆపి, కాసేపు ఆగి మళ్ళీ స్టార్టు చేస్తే ఒక్కొక్కసారి మామూలుగా నడుస్తుంది. నడిచినా స్కానరుతో కోడు చదివించాలి. పి0700 అంటే గేరుబాక్సు కంప్యూటరు ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే. దాని వెంట వచ్చే కోడు అసలు సంగతి చెబుతుంది. పి0715 అయితే వేగం కొలిచే సెన్సారు దారి, పి0750 అయితే గేరు మార్చే సోలినాయిడు దారి. కోడు చదవక ముందే బ్యాటరీ వైరు పీకనివ్వకండి. అలా చేస్తే చాలా కార్లలో గుర్తులు చెరిగిపోతాయి, తరువాత అంతా చీకటిలో వెదకడమే.

బ్యాటరీ నీరసంగా ఉన్నా, దాని కొనల మీద తెల్లని పూత పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. వర్షాకాలంలో వాగు దాటిన తరువాత మొదలైతే నీరు చేరిందేమో అనుమానించాలి.

టార్కు కన్వర్టరు కార్లలో నూనె ముఖ్యం. కొన్నిటికి నూనె కొలిచే పుల్ల ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉంటే, సమతలం మీద కారు నిలిపి, బండి వేడెక్కిన తరువాత చూడాలి. ఇంజను నడుస్తుండగా చూడాలా ఆపి చూడాలా అన్నది కారును బట్టి మారుతుంది, పుస్తకం చూడండి. నూనె ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే లోపలి ప్లేట్లు కాలుతున్నాయి. పాలు పోసిన చాయ్‌లాగా ఉంటే రేడియేటరు నీళ్ళు కలిశాయి. ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. తక్కువైతే పుస్తకంలో వ్రాసిన రకమే పోయాలి. సీవీటీ నూనె వేరు, దీని నూనె వేరు. "ఏదైనా ఒకటే సార్" అనేవాని దగ్గర సీసా మూత తెరవనివ్వకండి. ఊరికే నూనె తగ్గదు గనుక ఎక్కడ కారుతున్నదో కూడా చూడాలి.

దారిలో ఆగిపోతే తోసి స్టార్టు చేద్దామని చూస్తారు. టార్కు కన్వర్టరు కారు అలా స్టార్టు కాదు. నూనెను ఒత్తే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగితే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే చక్రాలకు, ఇంజనుకు సంబంధమే లేదు. తాడు కట్టి దూరం లాగితే నూనె అందక లోపలి భాగాలు ఒరుసుకొని పాడవుతాయి. మన చిన్న కార్లలో చాలా వరకు ముందు చక్రాలే లాగుతాయి గనుక ముందు భాగాన్ని పైకెత్తి లాగాలి, లేదా మొత్తం కారునే బండి మీద ఎక్కించాలి. దానికి అయ్యే మూడు నాలుగు వేలు చూసి వెనుకాడి ట్రాక్టరు తాడుకు కట్టినవారు తరువాత ఎంత కట్టారో నాకు తెలుసు.

మా అక్క ఆ రోజు పదకొండుకు పది నిమిషాల ముందు ఆసుపత్రి చేరింది. ఇప్పుడు ఆ కన్నుతోనే సూదిలో దారం ఎక్కిస్తున్నది. కారును గడ్డివాము దగ్గర నుండి తీసి వేపచెట్టు క్రింద పెట్టారు. ముందు డబ్బాలో నాలుగు ఫ్యూజులు, సన్నని స్క్రూడ్రైవరు, టేపు చుట్ట ఉంటాయి. ప్రయాణానికి ముందు బావగారు బ్రేకు తొక్కుతారు, అక్క వెనుకకు వెళ్ళి చూసి "ఎలుగుతున్నయి, నడువుండ్రి" అంటుంది. ఆ షెడ్డు మెకానిక్కు మా తమ్ముని కొడుకు ఫోను నంబరు తీసికొని, ఒక చిన్న స్కానరు కొన్నాడు.